మధుమేహ రోగి రోజా ఉండవచ్చా? షాబాన్‌లోనే అడగవలసిన ప్రశ్న

షాబాన్ నెలవంక కనిపించగానే మన ఇళ్లలో రంజాన్ సన్నాహాలు మొదలవుతాయి. గోడలకు సున్నాలు వేస్తారు. సేమియాలు, ఖర్జూరాలు, శనగపిండి తెచ్చి డబ్బాల్లో నింపుతారు. ముస్హఫ్‌లకు కొత్త గిలాఫులు కుడతారు. మస్జిదులో తరావీహ్ చదివించే హాఫిజ్ ఎవరన్న చర్చ జరుగుతుంది. ఇవన్నీ శుభప్రదమైన మాసాన్ని ఆహ్వానించే ఆనవాళ్లే. కాని నేడు మన కుటుంబాల్లో చాలావాటికి అవసరమైన ఒక సన్నాహం మాత్రం ఈ జాబితాలో ఉండదు. ఇంట్లో షుగర్ వ్యాధి ఉన్న తండ్రినో, తల్లినో, అత్తగారినో డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లి, "ఈ ఏడు రోజా ఉండవచ్చా? ఉంటే మందులు ఎలా మార్చుకోవాలి?" అని అడగడమే ఆ సన్నాహం.

భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో జరిగిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని అంచున ఉన్నారని ఆ సర్వే అంచనా. ఈ లెక్కలో మన ఇళ్లు లేకుండా పోవు. మన సఫ్ఫులో భుజానికి భుజం కలిపి నిలబడేవారిలోనే ఎందరో ఇన్సులిన్ తీసుకుంటున్నారు. అయినా ఈ విషయాన్ని మస్జిదులో మాట్లాడుకోము. ఇంట్లో కూడా చాలామంది దాచిపెడతారు. ఈ వ్యాసం రాయడానికి నన్ను పురికొల్పింది వైద్య గణాంకాలు కావు, నేను స్వయంగా చేసిన ఒక పొరపాటు.

నేను ఇచ్చిన సమాధానం

2018లో రంజాన్ మే నెల మధ్యలో మొదలైంది. నిప్పులు చెరిగే ఎండలు. సహరీ నుంచి ఇఫ్తార్ వరకు 14 గంటలకు పైగా సమయం. షాబాన్ చివరి రోజుల్లో ఒక సాయంత్రం, అసర్ నమాజు తర్వాత, మా బజారులో దర్జీ పని చేసే ఒక పెద్దాయన మస్జిదు మెట్ల మీద నన్ను ఆపారు. వయసు అరవై దాటింది. పొద్దున, రాత్రి రెండు పూటలా ఇన్సులిన్ సూది వేసుకుంటారు.

"మౌలానా, రోజాలు ఉండవద్దని డాక్టరు అంటున్నాడు. బుద్ధి తెలిసిననాటి నుంచి ఒక్క రోజా వదలలేదు. ఏం చేయమంటారు?" అని అడిగారు.

నేను మదర్సాకు వెళ్లే తొందరలో ఉన్నాను. "హిమ్మత్ చేయండి చాచా, అల్లాహ్ సులభం చేస్తాడు" అన్నాను. అంతే. ఇన్సులిన్ ఎంత తీసుకుంటారని అడగలేదు. డాక్టరు ఎందుకు వద్దన్నాడని అడగలేదు. ఇంతకుముందు ఎప్పుడైనా షుగర్ పడిపోయిందా అని అడగలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది. ఆయన వినాలనుకున్న మాటే నేను చెప్పాను మరి.

ఐదవ రోజా నాడు జుహర్ తర్వాత ఆయన తన కొట్టులో కుట్టు మిషను మీద వాలిపోయారు. ఒళ్లంతా చెమటలు. చేతులు వణుకుతున్నాయి. మాట తడబడుతున్నది. చుట్టూ చేరినవారు ఎండదెబ్బ అనుకుని విసనకర్రతో విసిరారు. ఒకరు నీళ్లు పట్టబోతే, "రోజాలో ఉన్నారు, రోజా పోతుంది" అని మరొకరు చేయి అడ్డం పెట్టారు. పక్కనే బట్టల కొట్టు నడిపే హిందూ సోదరుడు తన తల్లికి ఇలా జరగడం చూసినవాడు. అతడు పరుగున వచ్చి, గ్లాసు నీళ్లలో చక్కెర కలిపి, ఆయనకు ఇంకా మింగే స్పృహ ఉండగానే కొద్దికొద్దిగా తాగించాడు. తర్వాత ఆసుపత్రికి తీసుకువెళ్లారు. సహరీలో రెండు ముద్దలు తిని, ఇన్సులిన్ మాత్రం ఎప్పటి మోతాదే వేసుకున్నారని అక్కడ తెలిసింది.

అల్లాహ్ దయ వల్ల ఆయన బతికి బయటపడ్డారు. నేను చూడటానికి వెళ్లాను. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "నా రోజా పోయింది మౌలానా" అని చిన్నపిల్లవాడిలా కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆయన నన్ను నిందించి ఉంటే ఆ రాత్రి నాకు నిద్ర పట్టేదేమో.

తలకు గాయమైన సహాబీ

ఆ రాత్రి నాకు గుర్తుకు వచ్చింది నేను ఏళ్ల తరబడి విద్యార్థులకు పాఠం చెప్పిన ఒక హదీసు. సునన్ అబూ దావూద్‌లో హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం అది. కొందరు సహాబాలు ప్రయాణంలో ఉండగా వారిలో ఒకరి తలకు రాయి తగిలి గాయమైంది. ఆ తర్వాత ఆయనకు గుస్ల్ విధి అయింది. తయమ్ముమ్ చేసుకోవడానికి తనకు అనుమతి ఉన్నదా అని తోటివారిని అడిగారు. నీరు అందుబాటులో ఉన్నది కనుక అనుమతి లేదని వారు చెప్పారు. ఆయన స్నానం చేశారు, చనిపోయారు. ఈ సంగతి తెలిసిన దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తీవ్రంగా ఆగ్రహించారు. వారే అతణ్ణి చంపారన్నారు. తెలియనప్పుడు ఎందుకు అడగలేదని నిలదీశారు. తెలియనితనమనే రోగానికి మందు అడిగి తెలుసుకోవడమేనని బోధించారు.

ఈ హదీసును తయమ్ముమ్ అధ్యాయంలో చదివి ముందుకు సాగిపోతాము. కాని దాని మందలింపు ఎవరిని ఉద్దేశించినదో గమనించండి. రోగిని కాదు. రోగి అడగవలసినది అడిగాడు. విషయం తెలుసుకోకుండా తీర్పు చెప్పినవారినే దైవప్రవక్త (స) మందలించారు. వారు చెడ్డవారు కారు, భక్తిపరులే. ఆరాధనలో లోటు రాకూడదనే వారి ఆరాటం. అయినా ఆ భక్తి ఒక ప్రాణానికి రక్షణ కాలేకపోయింది. మస్జిదు మెట్ల మీద నేను నిలబడినది సరిగ్గా వారి స్థానంలోనే.

మినహాయింపు కూడా ఆదేశమే

ఉపవాసాలను విధిగా నిర్ణయించిన అల్లాహ్, అదే సందర్భంలో, అల్ బఖరా సూరాలోని 184, 185 ఆయతులలో, రోగికి, ప్రయాణికునికి మినహాయింపును కూడా ప్రకటించాడు. వారు ఇతర దినాలలో ఆ లెక్క పూర్తి చేసుకోవచ్చు. అంతేకాదు, అల్లాహ్ మీకు సౌలభ్యాన్నే కోరుతున్నాడు గాని కష్టాన్ని కోరడం లేదన్న భావం కూడా అక్కడే ఉన్నది. అంటే ఈ మినహాయింపు తర్వాతి కాలపు ఉలమా కనిపెట్టినది కాదు. ఫర్జ్‌తో పాటే అవతరించినది. రోజా ఉండమన్నది ఎవరి ఆజ్ఞో, రోగి ఆగవచ్చన్నది కూడా ఆయన ఆజ్ఞే.

తన సౌలభ్యాలను దాసులు వినియోగించుకోవడం అల్లాహ్‌కు ఇష్టమైన విషయమని హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఉల్లేఖించిన హదీసు ముస్నద్ అహ్మద్‌లో ఉన్నది. పగలంతా ఉపవాసం, రాత్రంతా నమాజుగా గడుపుతున్న హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి)కి, నీ దేహానికి కూడా నీ మీద హక్కు ఉన్నదని దైవప్రవక్త (స) తెలియజేసిన విషయం సహీహ్ బుఖారీలో ఉన్నది. ఈ దేహం మన సొంత ఆస్తి కాదు, అల్లాహ్ అమానత్. అమానత్‌ను చెడగొట్టి యజమానికి అప్పగించేవాడిని మనం నమ్మకస్తుడు అనము కదా!

"నలభై ఏళ్లుగా వదలలేదు, ఇప్పుడు ఎలా వదలను?" అనే పెద్దల బాధ నాకు అర్థమవుతుంది. అది ఈమాన్ పుట్టించిన బాధే. దానిని ఎవరూ చులకన చేయకూడదు. కాని నిన్నటిదాకా రోజా ఉండటం విధేయత అయినట్లే, అపాయం రూఢి అయిన నాడు రోజాను ఆపడం కూడా విధేయతే.

ఎవరు ఆగాలి, ఎవరు ఉండవచ్చు?

మధుమేహులందరూ రోజా మానాలని నేను చెప్పడం లేదు. అది కూడా తెలుసుకోకుండా చెప్పే తీర్పే అవుతుంది. అందరి పరిస్థితి ఒకటి కాదు.

జిద్దా కేంద్రంగా పనిచేసే అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ 2009లో షార్జాలో జరిగిన సమావేశంలో ఈ విషయాన్ని వైద్యులతో కలిసి చర్చించింది. మధుమేహులను అపాయం స్థాయిని బట్టి నాలుగు వర్గాలుగా విభజించింది. అతి తీవ్రమైన, తీవ్రమైన అపాయం ఉన్న మొదటి రెండు వర్గాల వారు రోజా ఉండటం తగదని, హాని దాదాపు ఖాయమైనప్పుడు ఉపవాసం ధర్మసమ్మతం కాదని తీర్మానించింది. మధ్యస్థమైన, స్వల్పమైన అపాయం ఉన్నవారు వైద్యుని సలహాతో రోజా ఉండాలి, ఊరికే మానకూడదు.

వైద్యుల మార్గదర్శకాల ప్రకారం ఎక్కువ అపాయంలో ఉన్నవారు స్థూలంగా వీరు: టైప్-1 మధుమేహం ఉన్నవారు, రోజుకు పలుమార్లు ఇన్సులిన్ తీసుకునేవారు, గడచిన మూడు నెలల్లో షుగర్ ప్రమాదకరంగా పడిపోయినవారు, పడిపోతున్నా ఆ సంగతి శరీరానికి తెలియనివారు, షుగర్ ఏమాత్రం అదుపులో లేనివారు, మూత్రపిండాలు బాగా దెబ్బతిన్నవారు లేదా డయాలిసిస్ చేయించుకుంటున్నవారు, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవారు, మధుమేహం ఉన్న గర్భవతులు, వయసు మీరి నీరసించినవారు.

కేవలం ఆహార నియమంతోనో, మెట్‌ఫార్మిన్ వంటి మాత్రలతోనో షుగర్ అదుపులో ఉన్నవారిలో చాలామంది సలహా ప్రకారం క్షేమంగా రోజాలు ఉండగలరు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి షుగర్ పడిపోయే ప్రమాదం తక్కువ. ఇన్సులిన్‌కు, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలకు ఆ ప్రమాదం ఎక్కువ. అదనపు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపే కొత్త రకం మాత్రలు ఎండాకాలపు ఉపవాసంలో ఒంట్లో నీటిని తగ్గించవచ్చు. మీరు వాడేది ఏ రకమో మందుల చీటీ చూపి డాక్టరును అడగండి. మోతాదును మీరే తగ్గించవద్దు, మీరే మానవద్దు.

ఈ భయం ఊహాజనితం కాదు. ముస్లింలు అధికంగా ఉన్న 13 దేశాల్లో 12,243 మంది మధుమేహులపై 2001లో ఒక పెద్ద అధ్యయనం జరిగింది. టైప్-2 రోగుల్లో దాదాపు 79 శాతం మంది రంజాన్‌లో కనీసం 15 రోజాలు ఉన్నారు. ఆ నెలలో వారిలో షుగర్ తీవ్రంగా పడిపోయిన ఘటనలు మిగతా నెలలతో పోల్చితే ఏడున్నర రెట్లు పెరిగాయి. అంటే మనవారు ఎలాగూ రోజా ఉంటారు. వారు సిద్ధమై ఉంటారా, సిద్ధం కాకుండా ఉంటారా అన్నదే మన ముందున్న ప్రశ్న.

డాక్టరును రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే కలవడం ఉత్తమం. అంటే రజబ్ నెలలోనే. అది దాటిపోతే షాబాన్ మొదటి వారంలోనైనా కలవండి. మూడు నెలల సగటు చూపే హెచ్‌బిఎ1సి పరీక్ష, మూత్రపిండాల పరీక్ష చేయించుకుని, సహరీ మందు ఎంత, ఇఫ్తార్ మందు ఎంత అన్నది కాగితం మీద రాయించుకోండి. షాబాన్‌లో ఒకటి రెండు నఫిల్ రోజాలు డాక్టరు అనుమతితో ఉండి చూస్తే మన శరీరం సంగతి మనకే తెలుస్తుంది.

కొందరు అడుగుతారు, "మా డాక్టరు ముస్లిం కాదు, ఆయన మాట మీద ఫర్జ్‌ను ఎలా వదలాలి?" అని. ప్రాచీన ఫిఖ్హ్ గ్రంథాల్లో నిపుణుడు, నీతిమంతుడు అయిన ముస్లిం వైద్యుని ప్రస్తావన ఉన్న మాట నిజమే. ఆ షరతు ఉద్దేశం విశ్వసనీయత. వైద్యుడు నిపుణుడు, నమ్మదగినవాడు అయితే, ఏ మతస్తుడైనా ఆయన మాట ఆధారపడదగినదేనని నేటి ఉలమాలో ఎందరో అభిప్రాయపడుతున్నారు. హిజ్రత్ ప్రయాణంలో దైవప్రవక్త (స) దారి చూపడానికి అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను నియమించుకున్నారు. అప్పటికి అతడు ముస్లిం కాదు. అయినా ఎడారి దారుల నిపుణుడు, నమ్మకస్తుడు. ప్రాణాలను అతని తెలివికి అప్పగించారు. మనస్సులో సందేహం మిగిలితే మరో వైద్యుణ్ణి కూడా అడగండి.

రోజాలో రక్తపరీక్ష చేసుకోవచ్చా?

"వేలికి సూది గుచ్చితే రక్తం వస్తుంది, రోజా పోతుంది" అన్న అపోహ మన స్త్రీలలో ముఖ్యంగా బలంగా ఉన్నది. గ్లూకోమీటర్ పరీక్ష కోసం ఒక చుక్క రక్తం తీసినంత మాత్రాన రోజా భంగం కాదు. ఇన్సులిన్ సూది ఆహారం కాదు, పానీయం కాదు. చర్మం కింద వేసే, పోషకం కాని సూదుల వల్ల రోజా భంగం కాదని అదే ఫిఖ్హ్ అకాడమీ 1997లో తీర్మానించింది. కనుక ఈ రెండింటినీ రోజా పేరుతో మానవద్దు.

పరీక్ష ఎన్నిసార్లు చేసుకోవాలన్నది డాక్టరు చెప్పాలి. అపాయం ఎక్కువ ఉన్నవారు సహరీకి ముందు, ఉదయం, మధ్యాహ్నం, అసర్ వేళ, ఇఫ్తార్‌కు ముందు, ఇఫ్తార్ అయిన రెండు గంటలకు చూసుకోవడం మంచిది. ఏ క్షణంలో ఒంట్లో తేడా అనిపించినా వెంటనే చూసుకోవాలి.

విరమించవలసిన క్షణం

ఈ రెండు అంకెలను కాగితం మీద రాసి వంటగది గోడకు అతికించండి: 70, 300. రక్తంలో చక్కెర 70 కంటే తగ్గినా, 300 దాటినా వెంటనే రోజా విరమించాలన్నది వైద్యుల మార్గదర్శకం. ఇఫ్తార్‌కు పావుగంటే ఉన్నా సరే, ఆగకూడదు. చెమటలు, వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి, చూపు మసకబారడం, మాట తడబడటం, కారణం లేని చిరాకు - ఇవి చక్కెర పడిపోతున్న సూచనలు. మీటరు చేతిలో లేకపోతే సూచనలు చూసే విరమించండి.

మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగాలి. అర గ్లాసు పండ్లరసమైనా సరిపోతుంది. 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించాలి. ఇంకా తక్కువగానే ఉంటే మళ్లీ అంతే తాగాలి. కుదుటపడ్డాక కాస్త అన్నమో, రొట్టో తినాలి. రోగి స్పృహ తప్పి ఉంటే మాత్రం నోట్లో ఏమీ పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కు ఫోన్ చేయాలి.

ఇలా రోగం కారణంగా విరమించిన రోజాకు కఫ్ఫారా లేదు. తర్వాత ఖజా చేస్తే చాలు. పాపం అసలే లేదు. ఎదురుగా ఉన్నవారు "ఇంకొంచెం ఓర్చుకో" అనడం సానుభూతి కాదు. మా దర్జీ చాచాకు నీళ్లు పట్టబోతే అడ్డుపడిన చేతిని నేను మరచిపోలేను. ఆ చేతికి ధర్మం నేర్పవలసినవాళ్లం మేమే. మేము నేర్పలేదు.

సహరీ, ఇఫ్తార్, తరావీహ్

సహరీలో శుభం ఉన్నదని దైవప్రవక్త (స) తెలియజేశారు. దానిని ఆలస్యంగా, ఇఫ్తార్‌ను సమయం కాగానే చేయడం సున్నత్. మధుమేహ రోగికి వైద్యులు చెప్పేదీ ఇదే. సహరీ మానేసి రోజా ఉండటం, అర్ధరాత్రే తిని పడుకోవడం రోగికి హాని. సహరీలో నెమ్మదిగా అరిగేవి తినాలి: జొన్నరొట్టె, పొట్టు తీయని గోధుమపిండి రొట్టె, పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర. తెల్లన్నం, తియ్యని సేమియా, టీలో బిస్కెట్లు తొందరగా అరిగిపోతాయి. మధ్యాహ్నానికి బలం ఉడిగిపోతుంది.

ఇఫ్తార్ వేళ అసలు పరీక్ష మొదలవుతుంది. తాజా ఖర్జూరాలతో, లేకపోతే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకపోతే నీటితో ఇఫ్తార్ చేయడం దైవప్రవక్త (స) ఆచరణ. మన దస్తర్‌ఖాన్ మీద ఖర్జూరం తర్వాత రూహ్ అఫ్జా, సమోసా, మిరపకాయ బజ్జీ, హలీం, బిర్యానీ, ఆ మీదట డబల్ కా మీఠా. పగలంతా ఖాళీగా ఉన్న కడుపులోకి ఇవన్నీ అరగంటలో చేరితే చక్కెర 300 దాటడంలో వింత ఏమున్నది? కడుపులో మూడో వంతు ఆహారానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు శ్వాసకు అన్న ప్రవక్త బోధ తిర్మిజీలో ఉన్నది. రోగికి ఒకటి రెండు ఖర్జూరాలు, నీళ్లు చాలు. షర్బత్ బదులు పలుచని మజ్జిగ ఇవ్వండి. మగ్రిబ్ నమాజు చేసుకుని వచ్చి మితంగా భోజనం పెట్టండి. హలీం పెడితే ఒక చిన్న గిన్నె పెట్టండి, దానితో పాటు బిర్యానీ వద్దు. ఇఫ్తార్ నుంచి సహరీ వరకు కొద్దికొద్దిగా నీళ్లు తాగిస్తూ ఉండండి.

రోగి కోసం విడిగా వండి ఒక మూల పెట్టకండి. ఇల్లంతా ఒకే రకంగా తినండి. ఇంటి ఆడవారికి పని తగ్గుతుంది, పిల్లలకు ముందు నుంచే మంచి అలవాటు అవుతుంది, రోగికి తాను వేరు అన్న బాధ ఉండదు. మరొక మాట. ఇంట్లో అందరికీ వడ్డించి చివరకు మిగిలింది తినే తల్లికే షుగర్ ఉంటే ఆమె పరీక్ష ఎవరు చేస్తారు? ఆ పని కొడుకులు, కోడళ్లు, మనవలు తీసుకోవాలి.

తరావీహ్‌లో ఎనిమిది రకాతులైనా, ఇరవై రకాతులైనా నిలబడటం, వంగటం, సజ్దా చేయడం శరీరానికి వ్యాయామమే. దానికి ముందు నీళ్లు తాగి, జేబులో నాలుగు చక్కెర బిళ్లలు పెట్టుకుని వెళ్లండి. నిలబడలేకపోతే కూర్చుని చదవండి. పగటి పూట రోజాలో ఉండగా కఠిన వ్యాయామం చేయవద్దు.

పాదాల సంగతి కూడా చెప్పాలి. మధుమేహం ముదిరితే కాళ్లలో స్పర్శ తగ్గుతుంది. వేసవిలో మస్జిదు ఆవరణలోని బండలు కాలుతున్నా తెలియక బొబ్బలెక్కుతాయి, పుండ్లవుతాయి. వజూలో పాదాలు కడిగి కాలివేళ్ల మధ్య వేలు పోనిచ్చి శుభ్రం చేయడం సున్నత్. అదే సమయంలో అరికాళ్లను, వేళ్ల సందులను కళ్లతో చూసుకోండి. తర్వాత తడి లేకుండా తుడుచుకోండి. రోజుకు ఐదుసార్లు ఈ పరీక్ష చేసుకునే సదుపాయం నమాజీకి ఉన్నది. రంజాన్‌లోనే కాదు, ఏడాది పొడవునా.

ఖజా, ఫిదియా

తాత్కాలికంగా రోజా ఉండలేనివారు, ఉదాహరణకు గర్భవతులు, మందుల మార్పులో ఉన్నవారు, స్వస్థత చేకూరిన తర్వాత ఖజా చేయాలి. వేసవిలో ఉండలేనివారు చలికాలపు చిన్న పగళ్లలో ఉండగలిగితే, డాక్టరు అనుమతిస్తే, అప్పుడే ఖజా చేసుకోవాలి. వారికి ఫిదియా చాలదు. ఇక కోలుకునే ఆశ లేదని వైద్యులు తేల్చినవారు ఒక్కో రోజాకు ఒక పేదవానికి రెండు పూటల భోజనం పెట్టాలి. లేదా హనఫీ ఉలమా లెక్క ప్రకారం అర సా గోధుమలు, అంటే సుమారు 1.6 నుంచి 1.75 కిలోలు, లేదా వాటి వెల ఇవ్వాలి. తర్వాత ఎప్పుడైనా శక్తి తిరిగి వస్తే ఆ రోజాలు ఖజా చేయవలసి ఉంటుంది. మీ పరిస్థితి ఈ రెంటిలో ఏది అన్నది డాక్టరు మాటతో వెళ్లి ఆలిమ్‌ను అడగండి. ఫిదియా కూడా ఇవ్వలేని పేదవారు ఇస్తిగ్ఫార్ చేసుకుంటే చాలు. అల్లాహ్ ఎవరి మీదా శక్తికి మించిన భారం వేయడు.

మాలాంటివారికి ఒక మనవి

మస్జిదు ఇమాములకు, మదర్సా ఉపాధ్యాయులకు నా విన్నపం ఇది. ఎవరైనా రోగి వచ్చి రోజా గురించి అడిగితే "హిమ్మత్ చేయండి" అని పంపించకండి. కూర్చోబెట్టండి. ఏ మందు వాడుతున్నారు? డాక్టరు ఏమన్నారు? ఎప్పుడైనా షుగర్ పడిపోయిందా? ఈ మూడు ప్రశ్నలు అడగండి. డాక్టరును కలవకుండా వస్తే ముందు అక్కడికి పంపండి. షాబాన్‌లో ఒక జుమా ప్రసంగంలో ఈ విషయం చెప్పండి. రోజా ఉండలేని రోగి మస్జిదుకు వస్తే ఆరా తీయకుండా, సిగ్గుపడనీయకుండా చూడండి.

ఆ దర్జీ చాచా ఆ తర్వాత రోజాలు ఉండలేదు. డాక్టరు స్పష్టంగా కాదన్నారు, ఈసారి నేనూ ఆయన పక్కన కూర్చుని విన్నాను. ఇప్పుడు రంజాన్ వస్తే ఆయన ప్రతి సాయంత్రం ఒక పేదవానిని వెంటబెట్టుకుని ఇంటికి తీసుకువెళతారు. తానే వడ్డిస్తారు. మొదటి ఏడు తల వంచుకుని వడ్డించారు. రెండో ఏడు అజాన్‌కు ముందు దుఆకు చేతులెత్తి వారితోపాటు కూర్చున్నారు. "రోజాలు నా చేతి నుంచి పోయాయనుకున్నాను మౌలానా. అల్లాహ్ వాటిని ఇంకొకరి పళ్లెంలో పెట్టి నాకు చూపిస్తున్నాడు" అన్నారు ఒకసారి. ఆ సంగతిని నేను ఆయనకు నేర్పలేదు. ఆయనే నాకు నేర్పారు.

ప్రియ పాఠకులారా! రంజాన్‌కు ఇంకా సమయం ఉన్నది. ఈ వారంలోనే మీ ఇంట్లో షుగర్ ఉన్నవారితో మాట్లాడండి, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్లండి. రోజా ఉండగలిగినవారికి అల్లాహ్ ఆరోగ్యంతో కూడిన రోజాలు ప్రసాదించుగాక! ఉండలేనివారికి వారి ఆరాటానికి తగిన పూర్తి పుణ్యం ప్రసాదించుగాక! తెలియని విషయంలో నోరు విప్పే ముందు అడిగి తెలుసుకునే వినయాన్ని మా అందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.